వీరేందర్ తెంపలేని పంచాయితీ

శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు పొత్తుల భూమి పంచుకోవాలన్నా, బయానా తీసుకున్నవాడు మాట తప్పినా వీరేందర్‌కు కబురు వెళ్లేది. వెళ్లేదని వీరేందర్ చెప్పుకునేవాడు. సగం చోట్లకు అతను ఎవరూ పిలవకుండానే పోయేవాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాతో మోటారుసైకిల్ దిగుతూ "ఏందన్నా లొల్లి?" అనేవాడు. చాయ్ చల్లారేలోపు పంచాయితీ తెంపుతాడని అతనికి పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడా అతనే.

తండ్రి కుర్మయ్య జొన్నలు, కూరగాయలు పండించిన భూమి విమానాశ్రయం కిందికి పోయింది. వచ్చిన డబ్బుతో ఆయన హైవే పక్కన మేడ కట్టి, కింద ఒక షట్టర్, పైన కిరాయి గదులు వేసి, తృప్తిగా కన్నుమూశాడు. కొడుకు తృప్తిపడే మనిషి కాదు. రెండువేల ఎనిమిదిలో విమానాలు దిగడం మొదలవగానే ఫైనాన్సు మీద రెండు కార్లు తీసుకుని, షట్టర్ పైన 'వీరేందర్ ట్రావెల్స్' అని మనిషంత బోర్డు పెట్టించాడు. కార్లకు ముందు కట్టాల్సిన సొమ్ము కోసం భార్య సరిత బంగారం కుదువకు పోయింది. అదే ఊపులో తుక్కుగూడ దగ్గర ప్లాటు కొన్నాడు. భూముల ధరలు ఆకాశంలో ఉన్న రోజులవి. ఎయిర్‌పోర్టు పక్కనుండే వాడికి ఆకాశం ఎంత దూరమని అనుకున్నాడు. కొన్న కొద్ది నెలలకే ధరలు దిగడం మొదలుపెట్టాయి. దిగిన విమానం రన్‌వే మీద ఎక్కడో ఒకచోట ఆగుతుంది. అవి ఆగలేదు.

సరిత మాటకారి కాదు. కాటేదాన్‌లో పుట్టి పెరిగి, పెళ్లికి ముందు అక్కడి బిస్కట్ల కంపెనీలో ప్యాకింగ్ పని చేసిన పిల్ల. భర్త పది మాటలాడితే ఆమె ఒకటి ఆడేది. ఆ ఒకటి చాలాసార్లు జాగ్రత్త చెప్పే 'పైలం' అన్న మాటే అయ్యేది. సోపతిగాడు మొగులయ్య చేసిన అప్పుకు వీరేందర్ జమానత్ నిలబడి, రెండో పూచీగా పక్కన ఆమె చేత కూడా సంతకం పెట్టించినప్పుడు 'పైలం' అంది. రెండువేల పన్నెండులో మొగులయ్య ఊరు విడిచిపోయాడు. అప్పిచ్చినవాళ్లు వచ్చి వాకిట్లో నిలబడి ఆమె పేరు పెట్టి అరిచారు. మర్నాడు పొద్దున అత్త రుక్కమ్మకు చెప్పి, బట్టల సంచీ పట్టుకుని కాటేదాన్‌లోని తల్లిగారింటికి వెళ్లిపోయింది. వాళ్లకు పిల్లలు లేరు. కొంగు పట్టుకుని ఆపేవాళ్లు లేకపోయారు.

"రెండు దినాలైతే అదే వస్తది" అన్నాడు వీరేందర్ తల్లితో.

వచ్చింది కోర్టు నుంచి విడాకుల నోటీసు.

ఎల్బీనగర్ కోర్టులో జడ్జి ఇద్దరినీ చూసి, ఆస్తులూ అప్పులూ తేల్చుకోవడానికి మధ్యవర్తి దగ్గర కూర్చుంటారా అని అడిగారు. మధ్యవర్తి అన్న మాట చెవిన పడగానే వీరేందర్ ఛాతీ ఉబ్బింది. తను చేసే పనే అది. సరిత ఇంకా ఆలోచిస్తుండగానే "కూసుంట సార్" అనేశాడు. తర్వాత సరిత కూడా తల ఊపింది. ఆ సాయంత్రం శంషాబాద్‌లో హోటల్ నడిపే బిక్షంతో, "కోర్టోళ్లకు గూడ ఆఖరికి మనసొంటోళ్లే దిక్కు" అన్నాడు. బిక్షం గ్లాసులు కడుగుతూ, "నీ పంచాయితీ గూడ నువ్వే తెంపుకుంటవా అన్నా?" అని అడిగాడు. వీరేందర్‌కు అది మెచ్చుకోలు లాగే వినిపించింది.

మధ్యవర్తి పేరు శాంతకుమారి. అరవై దగ్గరపడిన వకీలు, కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన మనిషి. కోర్టు ఆవరణలోనే ఒక చిన్న గదిలో గుండ్రటి బల్ల చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. గుండ్రటి బల్లకు పెద్ద కుర్చీ ఏదో వీరేందర్‌కు తెలియలేదు. గాలి బాగా తగిలే చోటు చూసి కూర్చున్నాడు.

"నేను జడ్జిని కానండి" అని మొదలుపెట్టింది ఆమె. "తప్పెవరిదో నేను చెప్పను. మీరిద్దరూ ఒప్పుకున్నదే ఒప్పందం. ఒకరికి ఇష్టం లేకపోయినా లేచి కోర్టుకు తిరిగి వెళ్లిపోవచ్చు. విడివిడిగా నాతో చెప్పుకున్న మాట, మీరు సరేనంటే తప్ప రెండోవారికి చెప్పను."

వీరేందర్ తల పంకించాడు, కొత్త డ్రైవరు గేరు మార్చడం చూసే పాత డ్రైవరులా. "మీకు తక్లీఫ్ గావొద్దు మేడమ్. గిసొంటివి మస్తు చూసిన. జర సేపట్ల తెంపుత."

"తెంపుతారా?" ఆమె కళ్లద్దాలు సర్దుకుంది. "తెగడం ఎలాగూ తెగిందిగా అండి. ఇప్పుడు చిక్కుముడి విప్పాలి."

తెంపుడంటే పరిష్కరించడమని ఆమెకు వివరించబోయి, సరిత తలవంచుకుని నవ్వు ఆపుకోవడం చూసి మానుకున్నాడు.

సెల్‌ఫోను తీసి బల్ల నడిమధ్య పెట్టాడు. "ధందా మనిషిని మేడమ్, ఫోన్లొస్తయి. ఏమనుకోకుండ్రి." తర్వాత తన మాట చెప్పాడు. బేరంలో మొదటి మాట అడ్డగోలుగా ఉండాలన్నది అతని శాస్త్రం. కాబట్టి ఇల్లు తనది, కార్లు తనవి, ప్లాటు తనది. సరిత బంగారం సరితదే, విడిపించినంక ఇస్తాడు.

"ఇడిపించేదెప్పుడు?" అంది సరిత.

జవాబు వెతుక్కుంటుండగా అతని ఫోను మోగింది. బతికిపోయాననుకుని ఎత్తి, "ఆ సార్, మీటింగ్‌ల ఉన్న, జరాగి నేనే చేస్త" అన్నాడు గంభీరంగా. ఫోనులోని ఆడగొంతు ఆగలేదు. మీకు నచ్చిన కాలర్ ట్యూన్ కోసం ఒకటి నొక్కండి అని గదంతా వినపడేలా చెప్పింది. శాంతకుమారి కిటికీ వైపు చూసింది. ఆ మర్యాదే వీరేందర్‌ను ఎక్కువ బాధపెట్టింది.

మరికాసేపటికి సరిత ఫోను మోగింది. మధ్యవర్తిని చూపుతోనే అనుమతి అడిగి ఎత్తింది. వాళ్ల డ్రైవరు జంగయ్య. ఎయిర్‌పోర్టుకు పోయే ప్యాసింజర్లతో కారు గగన్‌పహాడ్ దగ్గర ఆగిపోయిందట.

"పరేషాన్ గాకు జంగన్నా. రాములు రెండో బండి తీస్కొని ఖాళీగనే ఎనకకెల్లి వస్తుండు, ఆరాంఘర్ దాటిండు. సామాన్ దించి ఆ బండ్ల ఎక్కియ్యి. ప్యాసింజర్‌కు ఫోనియ్యి, నేను మాట్లాడ్త." ఫోను చేయి మారగానే ఆమె గొంతు కూడా మారింది. "సార్, మాఫ్ చెయ్యండి. మీ ఫ్లైట్ మిస్ కాదు, నాది జిమ్మెదారి."

వీరేందర్ నోరు తెరిచి చూశాడు. పెళ్లయ్యాక ఆమె ఇన్ని మాటలు వరసగా మాట్లాడగా అతను వినలేదు. "జంగయ్య నాకెందుకు చెయ్యలే?" అన్నాడు చివరికి.

"నీకు చేస్తే ముందుగాల తిడతవ్. తిట్టినంక, సరితకు చెయ్యిరా అంటవ్. అందుకని నడుమ నిన్ను ఇడిసిపెట్టిండ్రు."

"ఎప్పటిసంది?"

"బోర్డు పెట్టినప్పటిసంది."

ఆ పూటకు కూర్చోవడం ముగిసింది. ఇంటికొచ్చేటప్పుడు వీరేందర్ మోటారుసైకిల్ మీద దారంతా ఆ బోర్డు గురించే ఆలోచించాడు. అంత పెద్ద అక్షరాలు పెట్టించకుండా ఉండాల్సిందనిపించింది.

రెండోసారి అతను తన అసలైన ఆయుధం బయటికి తీశాడు. భూమి బేరాల్లో అతనికది ఎన్నడూ ఎదురు తిరగలేదు. మాట కుదరని చోట చేతులు దులుపుకుని లేచి, చెప్పులేసుకుని, తీరిగ్గా గుమ్మం వైపు నడవాలి. ఎవరో ఒకరు "ఆగరాదే వీరేందరన్నా" అంటారు. అక్కడితో ధర కదులుతుంది.

"ఇగ నాతోని గాదు మేడమ్. ఈ బేరం తెగది" అని లేచాడు. తీరిగ్గా నడిచాడు. గుమ్మం దగ్గర చొక్కా సర్దుకున్నాడు. తలుపు గడియను అవసరం లేని ఓపికతో తీశాడు. ఎవరూ పిలవలేదు.

వరండాలో బెంచీ మీద కూర్చుని తలుపు వైపే చూశాడు. చాయ్ తెప్పించుకుని తాగాడు. ఒక అటెండరు ఆగి, "నీ పేరు పిలిచిండ్రా?" అని అడిగాడు.

"పిలువలే."

"మరి ఎవరి కోసం కూసున్నవ్?"

వీరేందర్ లేచి, మోటారుసైకిల్ తాళంచెవి మరిచిపోయినట్టు జేబులు తడుముకుంటూ లోపలికి వెళ్లాడు. తాళంచెవి అతని వేలికే వేలాడుతూ ఉంది. లోపల ఆ ఇద్దరూ మోకాళ్ల నొప్పికి వావిలాకు కాపడం మంచిదా, ఆముదం మంచిదా అని మాట్లాడుకుంటున్నారు.

"రండి వీరేందర్ గారూ, నీళ్లకు వెళ్లారేమో అనుకున్నాం" అంది శాంతకుమారి. తర్వాత సరితను కాసేపు బయట కూర్చోమని, అతనితో విడిగా మాట్లాడింది.

"ఇల్లు మీకెందుకు కావాలండి?"

"మా బాపు కట్టిండు. అమ్మ ఉంటది."

"బాగుంది. కార్లెందుకు?"

ఎందుకో చెప్పబోతే బోర్డు తప్ప ఇంకేమీ తట్టలేదు. ఆమె చెప్పండి అన్నట్టు ఎదురుచూసింది. పార్టీలను తను తొందరపెట్టినట్టు ఈమె అస్సలు తొందరపెట్టదు. ఆ ఓపిక ముందు అతని పాండిత్యమంతా వట్టిపోయింది.

"నిజం చెప్పాల్నంటే బండ్లతోని నాకు పడది మేడమ్" అన్నాడు. "పొద్దుగాల లేవుడు నాతోని గాదు."

"సరే. ఇక్కడ ఏదీ కుదరలేదనుకుందాం. అప్పుడేమవుతుంది?"

ఈ ప్రశ్న అతను ఎందరినో అడిగాడు, బెదిరించడానికి. తనను తాను ఎన్నడూ అడగలేదు. కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. కిస్తీలు ఆగితే ఫైనాన్సువాళ్లు కార్లు గుంజుకుపోతారు. కుదువ పెట్టిన బంగారం వడ్డీ కింద కరిగిపోతుంది. మొగులయ్య అప్పువాళ్లు ఈసారి కాటేదాన్ వెళ్లి, సరిత తల్లి వాకిట్లో అరుస్తారు. అది తలుచుకుంటే అతని ముఖం మాడింది.

"ఇన్ని బేరాలు చేయించారు కదా" అంది ఆమె మెల్లగా. "ఎదుటివాళ్లకు ఏం కావాలో ముందు కనుక్కుంటారుగా. సరితకు ఏం కావాలి?"

"బంగారం. నెలనెలా ఖర్చులకు పైసలు."

"ఆ అమ్మాయి చెప్పిందా?"

"లే."

"మీరడిగారా?"

వీరేందర్ బల్ల అంచును వేలితో గీకాడు. పెళ్లయి ఏడేళ్లు. చీర ఏ రంగు కావాలని కూడా అడిగిన యాది లేదు. తనే తెచ్చి, ఎట్లుంది అని అడిగేవాడు. బాగుందని ఆమె అనేది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి రుక్కమ్మ బర్రెకు గడ్డి వేస్తోంది. చుట్టూ ఊరంతా లాడ్జీలూ షాపులూ అయిపోయినా ఆమె బర్రెను వదల్లేదు. విమానం వెళ్తుంటే అది తలెత్తదు, ఆమె కూడా తలెత్తదు. వీరేందర్ జరిగినదంతా చెప్పాడు, గుమ్మం దాకా నడిచిన సంగతి ఒక్కటి మినహాయించి.

"ఊరందరి పంచాయితీలు తెంపుతవ్. నీ ఇంటి పంచాయితీకి సర్కారు ఒక ఆమెను పెట్టాల్సొచ్చె" అంది రుక్కమ్మ. "బేరాలెందుకురా? ముందుగాల దాని బంగారం దానికియ్యి. మా వియ్యపురాలు నా కండ్ల ముందర తన మెడలకెల్లి తీసి బిడ్డ మెడల ఏసింది. ఆమె మెడ ఇయ్యాల్టిదాంక బోసిగనే ఉన్నది. పండుగకు పోతే నాకు ఆ మెడ చూడ చాతగాలే."

"నువ్వెన్నడు చెప్పలేదేందమ్మా?"

"నువ్వెన్నడు మాట్లాడుడు ఆపినవ్ గన్క!"

బంగారం విడిపించాలంటే తుక్కుగూడ ప్లాటు అమ్మాలి. అమ్మకానికి పెట్టాడు. కొనడానికి వచ్చినవాడు ప్లాటు చుట్టూ తిరిగి, పెదవి విరిచి, సగం ధర చెప్పాడు. వీరేందర్ తల అడ్డంగా ఊపాడు. వచ్చినవాడు చేతులు దులుపుకుని, తీరిగ్గా తన బండి వైపు నడిచాడు. వీరేందర్‌కు ఆ నడక ప్రతి మలుపూ తెలుసు. చొక్కా ఇప్పుడు సర్దుకుంటాడు అనుకున్నాడు, సర్దుకున్నాడు. బండి స్టాండు తీయడానికి ఎక్కువసేపు పడుతుంది అనుకున్నాడు, పట్టింది. ఇదంతా తెలిసి కూడా, "ఆగరాదే అన్నా" అని పిలిచింది వీరేందరే.

మూడోసారి గుండ్రటి బల్ల దగ్గర కూర్చున్నప్పుడు అతను ఫోను బయటికి తీయలేదు. సంచిలోంచి చిన్న డబ్బా తీసి సరిత ముందు పెట్టాడు. ఆమె మూత తెరిచి, గొలుసును రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. గొలుసు చివర కొక్కెం దగ్గర పాత దారం ముక్క అట్లాగే ఉంది, ఆమె తల్లి చుట్టిన దారం. సరిత దాన్ని వేలితో ఒకసారి నిమిరి మూత పెట్టింది.

"నీకింక ఏం గావాల్నో చెప్పు" అన్నాడు వీరేందర్. గొంతు బేరగాడిది కాకుండా ఎట్లా మాట్లాడాలో తెలియక, ఆ మాట పోలీసు అడిగినట్టు వచ్చింది. "చెప్పరాదు సరితా" అని మళ్లీ అన్నాడు.

సరిత చాలారోజులుగా ఈ మాటలు లోపల వరసగా పెట్టుకున్నట్టుంది. "రెండు బండ్లు నాకు గావాలె. బండ్ల మీద బాకీ గూడ నాదే, నా పేరు మీదకు మార్పియ్యి. మొగులయ్య అప్పు కాయిదంల నా పేరు ఉండొద్దు. నెలనెల పైసలు నాకొద్దు. ఇల్లు మీదే, నేనడుగ."

"గంతేనా?"

"గంతే. ఇంకోటి. కింది షట్టర్ కిరాయికియ్యి. డ్రైవర్లకు, గిరాకీకి ఆ జాగ ఎర్క. కిరాయి టైముకిస్త."

కిరాయి అన్న మాట వినగానే వీరేందర్‌లోని పాత మనిషి నిద్రలేచాడు. "అడ్వాన్స్ ఎంత..." అని మొదలుపెట్టాడు. శాంతకుమారి కళ్లద్దాల పైనుంచి చూసింది. "...అడ్వాన్స్ వద్దు" అని ముగించాడు.

"ఆ బోర్డు తీసెయ్యి" అంది సరిత. "నేను వేరే పేరు పెట్టుకుంట."

"బోర్డు నేనుంచుకుంట" అన్నాడు పౌరుషంగా. అన్నాక, ట్రావెల్స్ లేని ట్రావెల్స్ బోర్డు ఏం చేసుకోవాలో తోచక సరిత ముఖంలోకి చూశాడు. ఈసారి ఆమె నవ్వు ఆపుకోలేదు. అతనికీ నవ్వొచ్చింది. విడిపోవడానికి కూర్చున్నవాళ్లు అట్లా నవ్వొచ్చా అని ఇద్దరూ ఒకేసారి ఆగారు.

"ఒప్పందం రాసే ముందు ఒక మాట" అంది శాంతకుమారి. "ఈ ఏడేళ్లలో అవతలివాళ్లు మీకోసం చేసిన పని ఏదైనా చెప్పాలనుంటే చెప్పండి. లేకపోతే లేదు, బలవంతం లేదు."

సరిత ముందు మాట్లాడింది. "మా అమ్మను దవాఖానల చేర్పిచ్చినప్పుడు ఈయన వరండాల పండుకున్నడు. మా అన్న గూడ అన్నిదినాలు ఉండలే. అక్కడ గూడ నర్సులకు, పేషెంట్లకు పంచాయితీలు తెంపుకుంట కూసున్నడు గని, ఉన్నడు."

వీరేందర్ వంతు వచ్చింది. ఊళ్లో మైకు దొరికితే దించని మనిషికి మాట రాలేదు. "ఈమె..." అన్నాడు. "ఈమెనే నడిపింది. అంత." అక్కడితో ఆగిపోయి, గ్లాసులో నీళ్లు లేకపోయినా ఎత్తి తాగాడు.

మొగులయ్య అప్పు మొత్తం వీరేందర్ తల మీదికి తీసుకున్నాడు. పై గదుల కిరాయిలోంచి కట్టేట్టు అప్పువాళ్లను ఒప్పించి, సరిత పేరు కొట్టేయించాడు. ఒప్పందం తెలుగులో రాయించి, శాంతకుమారి ఇద్దరి చేతా చదివించింది. ఎందరి చేతనో "ఏంలేదన్నా, ఈడ పెట్టు" అని సంతకాలు పెట్టించిన వీరేందర్, ఒక కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవడం అదే మొదలు. చదివితే అర్థమవుతుందని తెలిసి ఆశ్చర్యపోయాడు.

ఇద్దరూ ఇష్టపడి విడిపోతున్నామని కోర్టులో దరఖాస్తు పెట్టుకున్నారు. చట్టం ఆగమన్నన్ని నెలలు ఆగారు. ఈలోగా సరిత షట్టర్ తెరిచింది. పొద్దున్నే కార్లు కడిగిన చప్పుడుకు పైన వీరేందర్‌కు మెలకువ వచ్చేది. పాత బోర్డును రుక్కమ్మ బర్రెల కొట్టం మీద, చిల్లు పడిన రేకు పైన కప్పించింది. పైనుంచి పోయే విమానాలకు 'వీరేందర్ ట్రావెల్స్' చక్కగా కనిపిస్తుందని బిక్షం హోటల్లో చెప్పుకుని నవ్వారు. ముందు చెప్పింది వీరేందరే. వేరేవాళ్లు చెప్పేలోపు తనే చెప్పుకుంటే తక్కువ నొప్పి అని అతనికి ఈ మధ్యే తెలిసింది.

రెండువేల పద్నాలుగు మొదట్లో విడాకులు వచ్చాయి. కోర్టు బయట సరిత, "పోతున్న మరి" అంది. "మంచిది" అన్నాడు. అంతకంటే పెద్ద మాట ఏదైనా అనాలనిపించింది గాని, వెతికేలోపు ఆమె కారెక్కింది. జంగయ్య అద్దంలోంచి ఒకసారి అతని వైపు చూసి కారు కదిలించాడు. వీరేందర్ మోటారుసైకిల్ మీద బయలుదేరి చాంద్రాయణగుట్ట దాటాక పక్కకు ఆపాడు. కంట్లో దుమ్ము పడిందనుకున్నాడు. అంతకు ముందే అకాలపు వాన పడి రోడ్డంతా తడిగా ఉంది.

ఇంటికొచ్చేసరికి రుక్కమ్మ అన్నం పెట్టింది.

"అయిపోయిందా?"

"అయింది."

"అది తిన్నదా?"

"అడగలే."

"అడుగు మరి. పొద్దుగాల షట్టర్ కాడికెల్లి ఏం తినకుంటనే పోయింది."

వీరేందర్ ఎడమచేత్తో ఫోను చేశాడు.

"ఏంది, బండి గావాల్నా?" అంది సరిత.

"లే. తిన్నవా అని."

"ఇప్పుడే తిన్న. నువ్వు?"

"తింటున్న."

"సరే, ఇంకో ఫోనొస్తుంది. పెడుతున్న."

"తిన్నదట" అని తల్లికి చెప్పి, వీరేందర్ పప్పు కలుపుకున్నాడు.